ముప్పై ఎనిమిది కిలోల ఇసుక

ఇంటి నుంచి,
నవంబరు 12, ఆదివారం ఉదయం.

చిరంజీవి బావమరిదికి,

మీ బావ దీవించి రాస్తున్న ఉత్తరం. నువ్వూ, చెల్లెమ్మా, పిల్లలూ చల్లగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ మేమూ అలాగే ఉన్నామని రాయడం ఆనవాయితీ. ఆ ఒక్క ముక్క ఈసారికి రాయలేను.

మూడేళ్ళ తర్వాత నా దస్తూరి చూస్తే విప్పకుండానే తిప్పి పంపేస్తావని భయపడి, పార్శిల్ మీద అంటించే అడ్రసు చీటీ మీ అక్క చేత రాయించాను. పడుకునే రాసింది. అక్షరాలు గుట్టలెక్కి దిగినట్టు ఉంటే నవ్వుకోకు. నీ పేరు పూర్తిచేసేలోపు రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకుంది. ఫోను చేయొచ్చు కదా అంటావేమో. పోయిన నెల రెండుసార్లు చేశాను. నా గొంతు వినగానే పెట్టేశావు. తప్పు పట్టడం లేదు. నీ చోట నేనుంటే నంబరు చూసే పెట్టేసేవాణ్ణి.

ఉత్తరంతో పాటు గోనెగుడ్డలో చుట్టి వచ్చేది మన ఇల్లుబండి షాకు అబ్జార్బరు. వెనక కుడివైపుది, రేపు విప్పిస్తాను. కొలతలు కాగితం మీద రాస్తే, గడియారాలు బాగుచేసేవాడి కొలతలు నాకెందుకంటావని వస్తువునే పంపుతున్నాను. పూర్తిగా లాగితే ఎంత పొడవో, నొక్కితే ఎంతకు ముడుచుకుంటుందో, చివర కన్నం ఎంతో నువ్వే చూసుకుంటావు. గుడ్డ విప్పే తొందరలో ఉత్తరం మాత్రం పక్కన పడేయకు. చివరిదాకా చదువు.

సంగతేమిటంటే, బండికి కొత్త షాకులు కావాలి. ఏవి వేయాలో తేలక పది రోజులుగా కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకుంటున్నాను. అవసరం వస్తే గానీ బావమరిది గుర్తురాలేదా అని నువ్వు అనుకుంటావు. అనుకో. నిజమే.

ముందు మీ అక్క సంగతి చెబుతాను. ఆ రోజు విరిగిన వెన్నుపూస సరిగ్గా అతుక్కోలేదు. ఆ తర్వాత ఇంకో రెండు ఏ దెబ్బా తగలకుండానే నలిగిపోయాయి. అందులో ఒకటి తుమ్మినప్పుడు. ఎముకలు గుల్లబారిపోయాయన్నారు. ఏడాదిగా మంచం దిగలేదు. అరవై రెండు కిలోల మనిషి ముప్పై ఎనిమిదికి వచ్చింది. ఈ వానలు మొదలైనప్పటి నుంచి మాటిమాటికీ ఊపిరితిత్తులకు నెమ్ము చేస్తోంది. డాక్టరమ్మ మంచిది, లేనిపోని ధైర్యాలు చెప్పదు. వచ్చే ఎండాకాలం గురించి నేను ఏదైనా అడిగితే మందుల చీటీ వైపు చూస్తుంది.

ఒళ్ళు తగ్గింది గానీ మీ అక్క నోరు తగ్గలేదు. మొన్న పాలు పొంగబెట్టానని, ముప్పై ఏళ్ళు ఊళ్ళోవాళ్ళ గడియారాలన్నీ సరిచేశారు, పొయ్యి మీద పాలకు మాత్రం టైము తెలియలేదా అని అడిగింది. నేను నవ్వాను. ఆమె నవ్వబోయి పక్కటెముకలు పట్టేసి ఆగిపోయింది. ఇప్పుడు ఇంట్లో జోకులు వేయాలన్నా ఆచితూచి వేయాల్సి వస్తోంది.

ఆమె అడిగేది ఒక్కటే, నీ దగ్గరికి వెళ్ళాలని. నీ షెడ్డులో గోడ వారగా పాత వ్యాను సీటు ఒకటి వేసి ఉంటుంది కదా, దాని మీద ఆనుకుని కూర్చుని, నువ్వు నల్ల చేతులతో ఇచ్చే టీ తాగాలట. గ్లాసు అంచుకు గ్రీజు అంటుకుని ఉన్నా ఫరవాలేదంది. వాణ్ణే రమ్మందాం, కావాలంటే నేను వెళ్ళి కాళ్ళు పట్టుకుని తీసుకొస్తాను అన్నాను. ఒప్పుకోలేదు. వాడు రాకూడదు, మనమే వెళ్ళాలి అంది. ఎందుకని అడిగితే గోడవైపు తల తిప్పుకుంది. మీ ఇంటి మొండితనమే అనుకుని ఊరుకున్నాను.

డాక్టరమ్మను అడిగాను. అంబులెన్సులో అయినా సరే, అంత దూరం వద్దంది. ఒక్క గట్టి కుదుపు చాలంది. నీ ఊరికి మూడు వందల ఇరవై కిలోమీటర్లు. అందులో తొంభై గుంతల రోడ్డు. చివరి పదిహేను రోడ్డే కాదు, వాగు రాళ్ళ మీంచి నాలుగు చక్రాలూ లాగితే తప్ప ఏ బండీ రాదు. అంబులెన్సు వాగు దగ్గరే ఆగిపోతుంది. మన ఇల్లుబండి తప్ప వేరే దారి లేదు. ఆమె పడుకోవడానికి మంచం ఉన్నదీ అందులోనే.

ఆ బండి నువ్వూ నేనూ కలిసి కట్టిన రోజులు మీ అక్క తరచూ తలుచుకుంటుంది. అడవి శాఖవాళ్ళు వేలం వేసిన డొక్కు వ్యాను. నా కొట్టు మూసేసి, ఇక మిగిలిన కాలం తిరుగుదాం అని కొన్నాం. నువ్వు కింద పడుకుని ఇనుము పని, నేను పైన చెక్క పని. అరల తలుపులకు నేను గడియారం కీళ్ళంత చిన్న కీళ్ళు బిగిస్తుంటే, ముల్లు బావా, ఇది గోడ గడియారం కాదు, గోతుల్లో పడే బండి అని కింద నుంచి అరిచేవాడివి. ముల్లు బావ అనే పేరు అప్పుడు పెట్టిందే. గడియారం ముల్లు కోసం కాదు, ఊరికే గుచ్చుతానని పెట్టానని తర్వాత మీ అక్కతో అన్నావట. నాకు అన్నీ చేరతాయి.

షాకుల గురించి నువ్వు చెప్పిన పాఠం నాకింకా గుర్తుంది. బరువు మోసేవి కమాను పట్టీలు బావా, షాకు బరువు మోయదు, ఊపు ఆపుతుంది. గోతిలో పడ్డ బండి ఒక్కసారి ఊగి ఊరుకోవాలి, నాలుగుసార్లు ఊగితే షాకు చచ్చినట్టు. అసలు ఊగకపోతే షాకు మరీ గట్టిదై, గోతినంతా తెచ్చి మనిషి నడుముకు అప్పగిస్తున్నట్టు. ఇదీ నీ పాఠం. ఆ రోజు నేను తల ఊపాను. విన్నాననుకున్నావు పాపం.

నువ్వు వెనక వేసినవి అడుగున చిన్న మర తిప్పితే మెత్తగానో గట్టిగానో మారేవి, మరీ మెత్తని ఒకటి నుంచి మరీ గట్టి తొమ్మిది దాకా. రెంటినీ మూడో నంబరులో పెట్టావు. పెట్టి, నీ అలవాటు ప్రకారం, మర మీదుగా షాకు ఒంటి మీదికి పసుపు రంగుతో ఒక గీత గీశావు. నువ్వు బిగించిన ప్రతి దాని మీదా ఆ గీత ఉంటుంది. ఎవడైనా కదిపితే గీత తెగిపోతుంది, ఇంకో సాక్షి అక్కర్లేదు అనేవాడివి. నీ చేతి మీద నీకంత నమ్మకం.

ఇక ఆ రోజు సంగతి. నీకు తెలిసిందే అయినా నా చేత్తో రాయాలి. చెరువు చూసి తిరిగొస్తున్నాం. బండి నేను నడుపుతున్నాను. మీ అక్క వెనక మంచం అంచున కూర్చుని దోసకాయ చెక్కు తీస్తోంది. కల్వర్టు దాటాక రోడ్డు ఒక్కసారిగా దిగింది. పెద్ద వేగమేమీ లేదు. వెనక చక్రాలు దిగి లేచినప్పుడు ఆమె గాల్లోకి లేచి, కూర్చున్నట్టే కింద పడింది. అరవలేదు. కత్తి ఎక్కడ పడిందో చూడండి, కాలికి గుచ్చుకుంటుంది అంది. ఆ తర్వాత లేవలేకపోయింది.

నువ్వు పని బట్టలతోనే ఆసుపత్రికి పరుగెత్తుకొచ్చావు. మూడో నంబరులో అలా ఎగరేయకూడదే బావా, ఒక్కసారి బండి కింద చూసొస్తాను, తాళం ఇవ్వు అన్నావు. నేను నర్సుల ముందూ, అవతలి మంచాల వాళ్ళ ముందూ, నీ చేతి పని వల్లే మీ అక్క నడుము విరిగింది అన్నాను. ఇంకెప్పుడైనా నా బండి కింద చెయ్యి పెట్టావంటే మర్యాద దక్కదన్నాను. మా గడప తొక్కవద్దన్నాను. నువ్వు మీ అక్క వైపు చూశావు. ఆమె కళ్ళు మూసుకుంది. ఒక్క మాట కూడా అనలేదు. నువ్వు వెళ్ళిపోయావు. ఆరు నెలలకు ఊరే మారిపోయావు. అక్క కూడా అలాగే అనుకుంటోందన్నమాట అని నువ్వు మన గుండు మేస్త్రితో అన్నావని విన్నాను.

ఆ మాటలకు క్షమించమని అడుగుతున్నాను. పెద్దవాణ్ణి కదా అని చూడకుండా, ఎంత తిట్టాలనుంటే అంత తిట్టు.

మంగళవారం, మధ్యాహ్నం

రెండు రోజులు రాయడం కుదరలేదు. మీ అక్కను పక్కింటి నర్సమ్మకు అప్పగించి బండి పని మీద తిరిగాను.

మొదట కాటా దగ్గరికి తీసుకెళ్ళాను. షాకులు కొనాలంటే బండి ఖాళీ బరువు పనికిరాదని, ప్రయాణం చేసేటప్పుడు ఎలా ఉంటుందో అలాగే తూయాలని షాపాయన చెప్పాడు. నీళ్ళ ట్యాంకు నింపాను. గ్యాసు సిలిండరు, పరుపులు, ఆక్సిజన్ పెట్టె, మందులు, బకెట్లు, అన్నీ పెట్టాను. మీ అక్క బదులు ఒక గోనెసంచిలో ముప్పై ఎనిమిది కిలోల ఇసుక పోసి, మూతి కట్టి, మంచం మీద ఆమె పడుకునే చోట పడుకోబెట్టాను. ముందు ఇరుసు మీద పద్నాలుగు వందల ఎనభై, వెనక ఇరుసు మీద ఇరవై రెండు వందల అరవై వచ్చింది. కాటా మనిషి కిటికీలోంచి లోపలికి తొంగిచూసి, మంచమెక్కి పడుకున్న మూట ఎవరండీ అని అడిగాడు. మా ఆవిడ అన్నాను. చీటీ చేతిలో పెట్టాడు.

ఇంటికి వచ్చి చెబితే మీ అక్క, ఇన్నేళ్ళ కాపురంలో నన్ను ఇసుక మూటతో సమానం చేసింది ఇవాళే, ఆ ముక్క ముందే చెబితే సగం గొడవలు తప్పేవి కదా అంది. తర్వాత, మూట మీద దుప్పటి కప్పారా అని అడిగింది. లేదన్నాను. ఇసుకకైనా చలి వేస్తుంది, కప్పండి అంది. కప్పాను.

షాపాయన దగ్గర రకాలకు కొదవ లేదు. మొదటిది నా చెయ్యంత లావున్న షాకు, లోపల గ్యాసు నింపి ఉంటుందట. అడవుల్లో, గుట్టల్లో తిరిగే బండ్లకు అదే వేస్తారన్నాడు. రెండోది నూనె మాత్రమే ఉండే మెత్తని రకం. మూడోదానికి పక్కన ఇంకో చిన్న డబ్బా గొట్టంతో తగిలించి ఉంది, ఎంత దూరం పోయినా వేడెక్కదట. నేను అన్నిటినీ చేతిలో పట్టుకుని నొక్కి చూశాను. ఆయన నవ్వి, చేత్తో నొక్కితే తెలిసేది దోసకాయ ముదురో లేతో మాత్రమే అన్నాడు. అసలు మీ పాతవి ఎందుకు మారుస్తున్నారు, కారుతున్నాయా అని అడిగాడు. పెట్టెల మీద ధరలు చదవడం మొదలుపెట్టాను.

కొత్తవి బిగించి నచ్చకపోతే తిరిగి తీసుకోరు. అందుకని గుండు మేస్త్రిని బతిమాలాను. నీ దగ్గర పని నేర్చుకున్నవాడు, నీ మీద గౌరవంతో నాతో మాట్లాడడు. ముఖం చూడకుండానే సరేనన్నాడు. అతని షెడ్డులో వేరే బండ్ల నుంచి విప్పిన పాత సెట్లు ఉన్నాయి, షాపాయన చూపించిన మూడు రకాలవీ. మన బండి వెనక షాకులు విప్పాడు. విప్పిన కుడివైపు షాకును గుడ్డతో శుభ్రంగా తుడిచి, నా ముందు బల్ల మీద పెట్టి, టీ తాగడానికి వెళ్ళిపోయాడు. అరగంటకు గానీ రాలేదు.

తర్వాత ఒక్కొక్క సెట్టూ బిగించి పరీక్ష పెట్టాం. మిల్లు వెనక గుంతల దారి తెలుసుగా, అక్కడే. మంచం మీద ఇసుక మూట, మూట పక్కన చెక్క మీద గ్లాసు నిండా అంచుదాకా నీళ్ళు. ఎంత తొణికితే మీ అక్కకు అంత నొప్పి. నాకు తట్టిన కొలత అదే. నీకు నవ్వు రావచ్చు.

లావు షాకులకు గ్లాసే పడిపోయింది. వాటికి ఇంతకు రెట్టింపు బరువు ఉండాలని మేస్త్రి అన్నాడు. మెత్తని రకానికి రాళ్ళ మీద నీళ్ళు బాగానే నిలిచాయి గానీ, గోతి దాటాక బండి పడవలా ఊగుతూనే ఉంది, అలా ఊగి ఊగి మూడు వేళ్ళ నీళ్ళు పోయాయి. డబ్బా ఉన్న రకం అన్నిటికంటే మేలు. రెండు వేళ్ళే పోయాయి. సంబరపడ్డాను. వెనక్కి తిరిగి చూస్తే ఇసుక మూట మంచం మధ్యలోంచి అంచుకు జరిగి ఉంది. దుప్పటి కింద పడి ఉంది.

ఆ దారి కిలోమీటరు కూడా ఉండదు. నీ ఊరికి అలాంటివి తొంభై. మేస్త్రి స్టీరింగు మీద చేతులు పెట్టి కూర్చుని, మొదటిసారి నా ముఖం చూసి, నీళ్ళు తొణకని షాకు ఎవడూ చేయలేదండీ అన్నాడు.

అయినా నేను వదల్లేదు. టైర్లలో గాలి తగ్గించి చూశాను. మంచం కింద స్పాంజీ నాలుగు మడతలు వేశాను. మంచాన్ని రెండు ఇరుసుల మధ్యకు జరిపి బిగించాను, అక్కడ ఊపు తక్కువని నువ్వే ఒకసారి అన్నావు. అర వేలి నీళ్ళు పోకుండా మిగిలాయి. నడకంత నెమ్మదిగా పోనిచ్చాను. ఇంకో అర వేలు. ఆ లెక్కన వెళితే నీ దగ్గరికి మూడు రోజులు పడుతుంది. మీ అక్క ఆక్సిజన్ పెట్టె బ్యాటరీ ఆరు గంటలు.

నిజం చెప్పాలంటే, ఇప్పుడు నిన్ను అడుగుతున్నది ఏ షాకు మంచిదని కాదేమో. అన్నిటిలో తక్కువ చెడ్డది ఏదని. వెనక ఇరుసు బరువు రాశాను, పాత షాకు నీ చేతిలో ఉంది. మనసొప్పితే ఒక కార్డు ముక్క మీద నంబరు రాసి పడెయ్. మనసొప్పకపోతే చెల్లెమ్మ చేత రాయించు. అదీ వద్దనుకుంటే ఊరుకో, అర్థం చేసుకుంటాను.

పిల్లలకు నా దీవెనలు. పెద్దదానికి నేనిచ్చిన చేతి గడియారం ఆగిపోయి ఉంటుంది, బ్యాటరీ మార్చించు.

ఇట్లు,
నీ ముల్లు బావ.

తా.క.
గురువారం, ఉదయం పది గంటలు.

ఉత్తరం అయిపోయిందనుకుని నిన్న మీ అక్కకు మొత్తం చదివి వినిపించాను. కళ్ళు మూసుకుని విన్నది. ఇసుక మూట దగ్గర పెదవి కదిలింది. అంతా అయ్యాక, ఇంకా రాయాల్సింది ఉంది కదా అంది. ఏముందన్నాను. పార్శిల్‌లో పెట్టి ఊరుకుంటే సరిపోదు, అక్షరాల్లో పెట్టండి అంది.



కాబట్టి రాస్తున్నాను. షాకు నీకు పంపింది కొలతల కోసం కాదు. కొలతలు మేస్త్రి తీసి చీటీ ఇచ్చాడు, నా జేబులోనే ఉంది. గుడ్డ విప్పాక అడుగున మర చూడు. నువ్వు గీసిన పసుపు గీత రెండు ముక్కలుగా ఉంటుంది. ఒంటి మీది ముక్క ఒకచోట, మర మీది ముక్క ఇంకోచోట. మర తొమ్మిది మీద ఉంది. ఎడమవైపుదీ అంతే.

తిప్పింది నేనే. చెరువుకు బయలుదేరే ముందు రోజు. మలుపుల్లో బండి పక్కకు వాలుతోంది, అరల్లో గిన్నెలు మోగుతున్నాయి. అది నాకు నచ్చలేదు. నా ముప్పై ఏళ్ళ పనిలో బిగువుగా ఉన్నదే కచ్చితంగా నడుస్తుంది. స్క్రూ కనిపిస్తే తిప్పకుండా ఉండలేని జబ్బు నాకుందని నీకు తెలుసు. గ్రీజు చేతులవాడికి నా అంత సున్నితం ఏం తెలుసులే అనుకున్నాను. అదే నేను అనుకున్న మాట, దాచను. నిన్ను అడగలేదు. అడిగితే వద్దంటావని తెలుసు.

ఆసుపత్రిలో నువ్వు తాళం అడిగినప్పుడు నాకు వెంటనే గుర్తొచ్చింది. కింద చూస్తే గీత తెగి ఉండటం నీకు కనబడుతుంది. అందుకే నిన్ను బండి దగ్గరికి పోనివ్వలేదు. కోపంతో అరిచానని అందరూ అనుకున్నారు. భయంతో అరిచాను. ఆడలేక మద్దెల ఓడన్నవాడు నయం. నేను మద్దెల చీల్చి, చేసినవాణ్ణి వీధిలో నిలబెట్టాను.

మూడేళ్ళలో ఒక్కసారి ఆ మరను వెనక్కి తిప్పేస్తే ఎవరికీ తెలిసేది కాదు. చాలాసార్లు చాప తీసుకుని బండి దాకా వెళ్ళాను. తిప్పితే గీత కలుస్తుంది, నీ మీద వేసిన నింద అలాగే నిలిచిపోతుంది. తిప్పలేదు. అలాగని చెప్పనూ లేదు. మొన్న మేస్త్రి దాన్ని తుడిచి నా ముందు పెట్టినప్పుడు, ఇక చెప్పక తప్పదనిపించింది. అయినా నోరు రాలేదు, నీకే కనబడుతుందిలే అని పార్శిల్ కట్టాను. ఇదీ నీ బావ ధైర్యం.

ఇదంతా నిన్న మీ అక్కకు చెప్పాను. ఆమె ఏడుస్తుందనుకున్నాను. నాకు తెలుసు అంది. ఎప్పటి నుంచి అన్నాను. మొదటి నుంచీ అంది. మీరు చాప వేసుకుని బండి కిందికి దూరడం వంటింటి కిటికీలోంచి చూశాను, బయటికొచ్చి చేతులు దులుపుకుంటూ, ఇప్పుడు చూడు, బండి గడియారంలా నడుస్తుంది అని నాతోనే అన్నారు, మరిచిపోయారా అంది.

నేను మరిచిపోయాను. నిజంగా గుర్తులేదు.

మరి ఆ రోజు మీ తమ్ముడు నీ వైపు చూసినప్పుడు ఎందుకు చెప్పలేదని అడిగాను.  కదల్లేకుండా పడి ఉన్నాను, అప్పటి నుంచి నాకు మంచినీళ్ళు ఇవ్వాల్సిన చెయ్యి మీది అంది. ఆ తర్వాత, మీ అంతట మీరు ఎప్పుడు చెబుతారా అని చూశాను, ఇంత ఆలస్యమవుతుందని అనుకోలేదు అంది. ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

వాడు రాకూడదు, మనమే వెళ్ళాలి అని ఎందుకు పట్టుబట్టిందో నాకు నిన్న అర్థమైంది. తప్పు చేసినవాళ్ళు వెళ్ళాలి, పడినవాడు కాదు అని ఆమె లెక్క. తనను కూడా ఆ లెక్కలో వేసుకుంది.

ఆ ప్రయాణం ఇక లేదు. ఈ ఉదయం నెమ్ము మళ్ళీ ఎక్కువైంది. డాక్టరమ్మ వచ్చి చూసి, ఇంకెక్కడికీ కదపొద్దు, కావలసినవాళ్ళు ఉంటే చెప్పేయండి అంది. ఎన్నాళ్ళని అడిగాను. నాలుగైదు రోజులు అంది. పార్శిల్ కౌంటరుకు ఫోను చేసి, అక్కడి మనిషిని ఇది ఎప్పటికి చేరుతుందని అడిగాను. అతనూ అంతే చెప్పాడు. వాడికి ఫోను చేస్తాను, నా గొంతు విని పెట్టేయకుండా ఒక్క నిమిషం వింటాడేమో అంటే మీ అక్క వద్దంది. మూడేళ్ళు వాడికి చెప్పనిది, చస్తున్నానని భయపెట్టి రప్పించుకుని చెప్పడం అన్యాయం అంది. నిజం రాయండి, అంతవరకే, రమ్మని రాయొద్దు అంది.

రాయడం లేదు.

షాకుల నంబరు పంపనక్కర్లేదు. ఇసుక మూట విప్పి ఇసుక పెరట్లో పోసేశాను. వీధి తలుపు ఈ పూట నుంచి చేరవేసి ఉంచుతున్నాను, గడియ పెట్టడం లేదు.